టూలెట్ బోర్డులోని లెట్

హైదరాబాద్ గల్లీల్లో గేటుకు వేలాడే టూలెట్ బోర్డు అర్థం కావడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. ఆ లెట్‌కు మూలం పాత ఇంగ్లీషులోని 'ల్యాటన్': వదలడం, పోనివ్వడం. జర్మన్ 'లాసెన్' దానికి దాయాది. ఇల్లు అద్దెకివ్వడం, మనిషిని లోపలికి రానివ్వడం రెండూ అందులోంచే వచ్చాయి.

తమాషా ఏమిటంటే, సరిగ్గా దీనికి ఎదురు తిరిగే లెట్ ఇంకొకటుంది. అది 'లెట్టన్' నుంచి పుట్టింది: ఆలస్యం చేయడం, అడ్డుకోవడం. మనం రోజూ అనే 'లేటు'కు చుట్టం. కాలక్రమంలో రెండింటి పలుకూ ఒకటైపోయింది. తండ్రి దయ్యం వెంట వెళ్లనివ్వని మిత్రులను హామ్లెట్ బెదిరించేటప్పుడు వాడింది ఈ రెండో లెట్టే. దాన్ని అనుమతి అనుకుంటే ఆ మాట తలకిందులవుతుంది.

ఈ అడ్డుకునే లెట్ ఇప్పుడు కొనఊపిరితో ఉంది. టెన్నిస్‌లో సర్వీసు నెట్‌కు తగిలి సరైన గడిలోనే పడితే అంపైర్ అనేది అదే. చాలామందికి 'నెట్' అని వినిపిస్తుంది. మన పాస్‌పోర్టులోనూ ఉంది. రాష్ట్రపతి పేరిట ఉండే విన్నపం, ఈ వ్యక్తిని ఏ లెట్టూ లేకుండా వెళ్లనివ్వమంటుంది. వెళ్లనివ్వడానికి అక్కడ 'అలవ్' వాడారు కాబట్టి సరిపోయింది. అదీ లెట్టే అయితే ఇమిగ్రేషన్ అధికారి తల పట్టుకునేవాడు.