నిద్రకి గడి లేని రిజిస్టరు

2020 మార్చిలో జనతా కర్ఫ్యూకి ముందురోజు హైదరాబాదులో బస్సెక్కి రుద్రవరం వచ్చి పడ్డాను. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఇంట్లో సిగ్నలు రాదు, మిద్దె ఎక్కితే రెండు గీతలొస్తాయి. కాబట్టి ఆఫీసు అంతా మిద్దె మీదే. అమెరికా వాళ్ళతో కాల్స్ ముగిసేసరికి రాత్రి ఒంటిగంటో రెండో అయ్యేది.

ఎండాకాలంలో మా వైపు ఊరంతా మిద్దెల మీదే పడుకుంటుంది, అందులో వింతేమీ లేదు. కానీ ఆ ఏప్రిల్లో రెండింటప్పుడు లాప్‌టాప్ మూసి చుట్టూ చూస్తే, అటు ఒక బీడీ నిప్పు, ఇటు ఒక సెల్‌ఫోను వెలుగు, ఎవరో లేచి మంచం మీద కూర్చుని ఉండటం కనిపించేది. నేనొక్కడినే మేలుకుని ఉన్నాననుకుంటే సగం ఊరు నాతోపాటే ఉంది. ఉండదా మరి? ఆ నెల చివరికి రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కేసులు మా కర్నూలు జిల్లాలోనే. (రుద్రవరం నంద్యాల జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్లో.)

ఆ రోజుల్లోనే వాట్సాప్‌లో ఒక సర్వే లింకు వచ్చింది. లాక్‌డౌన్లో మీ నిద్ర ఎలా ఉందో చెప్పమని. ఇంగ్లీషులో ఉంది. నింపి పంపాను. మా అమ్మకి, నాయనకి ఆ లింకు రాలేదు, వచ్చినా చేసేదేమీ లేదు.

తర్వాత ఎప్పుడో కుతూహలం పుట్టి, వెనకటి మహమ్మారుల్లో జనాల నిద్ర సంగతి ఎవరైనా రాసిపెట్టారా అని వెతకడం మొదలుపెట్టాను. ముందు 1918 ఇన్‌ఫ్లుయెంజా. ఆ ఏడు జూన్లో బొంబాయిలో దిగింది, సెప్టెంబరు నుంచి రెండో విడత ఊళ్ళ మీద పడింది. అదే ఏడాది వానలూ పడలేదు. దేశంలో చనిపోయినవాళ్ళు కోటీ ఇరవై లక్షలనీ, రెండు కోట్లనీ రకరకాల అంచనాలు. 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా అంతకు పదేళ్ళ ముందుకంటే తగ్గింది. మన జనాభా లెక్కల చరిత్రలో అలా జరిగింది ఆ ఒక్కసారే.

కోటీ ఇరవై లక్షలకీ రెండు కోట్లకీ మధ్య అంత తేడా ఎందుకంటారా? అప్పట్లో మేమున్నది మద్రాసు ప్రెసిడెన్సీలో. ఊళ్ళో చావుపుట్టుకలు రాయాల్సింది ఊరి మునసబు. ఆయన డాక్టరు కాదు. కలరా, మశూచి అయితే గుర్తుపడతాడు, మిగతావి చాలావరకు 'జ్వరం' గడిలోకి పోయేవి. ఇన్‌ఫ్లుయెంజా కూడా అలాగే పోయింది. డేటాబేసులో టైపు తెలియని ప్రతిదాన్నీ 'ఇతరములు' కింద తోసేసే మన అలవాటు కొత్తదేమీ కాదు :) చావుకే సరైన గడి లేని రిజిస్టరులో నిద్ర పట్టనివాళ్ళని వెతకడం నా అమాయకత్వం.

అయితే సరిగ్గా ఆ కాలంలోనే నిద్రని పట్టించుకున్నవాడొకడు వియన్నాలో దొరికాడు. కాన్‌స్టంటిన్ ఫాన్ ఎకనమో. 1916-17 చలికాలంలో ఆయన దగ్గరికి వింత రోగులు రావడం మొదలైంది. అన్నం తింటూ తింటూ నిద్రలోకి జారుకునేవాళ్ళు, లేపితే జవాబు చెప్పి మళ్ళీ నిద్రలోకి వెళ్ళేవాళ్ళు. ఇంకొందరు దానికి పూర్తిగా తలకిందులు, ఎంత అలిసిపోయినా నిద్రే రాదు. 1917లో ఆయన దీన్ని ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా అన్నాడు. పదేళ్ళపాటు ప్రపంచమంతా తిరిగి, ఎలా వచ్చిందో అలాగే మాయమైంది. ఇన్‌ఫ్లుయెంజా వల్లే వచ్చిందని చాలామంది నమ్మారు గానీ రుజువు కాలేదు. పైగా ఎకనమో వ్యాసం 1917 నాటిది, ఇన్‌ఫ్లుయెంజా విజృంభించింది 1918లో. తేదీలే అడ్డం వస్తున్నాయి.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత ఆయన చేసిన పని. చనిపోయిన రోగుల మెదళ్ళు పరిశీలించి రెండు రకాలనూ పోల్చాడు. నిద్ర పట్టనివాళ్ళలో హైపోథాలమస్ ముందు భాగం, నిద్ర ముంచుకొచ్చినవాళ్ళలో దాని వెనక భాగం దెబ్బతిన్నాయి. నిద్ర అంటే మెదడు ఊరికే అలిసి ఆగిపోవడమని అప్పట్లో చాలామంది అనుకునేవారు. కాదు, నిద్రపుచ్చేందుకు ఒక చోటు, మేల్కొలిపేందుకు ఒక చోటు ఉన్నాయని ఈయన తేల్చాడు. బగ్ ఎక్కడుందో చూసి కోడ్ ఎలా రాశారో కనిపెట్టడం లాంటిదన్నమాట. 1998లో హైపోథాలమస్‌లోనే ఒరెక్సిన్ అనే మేలుకొలుపు రసాయనం దొరికాక ఆయన చెప్పినదానికి ఇంకా బలమొచ్చింది.

మరి కొరోనా మాట? ఈసారి సర్వేలకి కొదవ లేదు. 2020లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన ఒక ఆన్‌లైన్ సర్వేలో 958 మంది జవాబులున్నాయి. లాక్‌డౌన్లో పడుకోవడం, లేవడం ఆలస్యమయ్యాయనీ, రాత్రి నిద్ర తగ్గి పగటి కునుకు పెరిగిందనీ తేలింది. అచ్చం నా సంగతే. అందులోనే ఉంది తిరకాసు. ఆన్‌లైన్ ఫారం ఎవరికి చేరుతుంది? నాలాంటివాడికి, మీలాంటివాళ్ళకి. వందేళ్ళ క్రితం మునసబు జ్వరం గడిలో వేసిన మనుషులకి ఈసారి ఫారమే అందలేదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక పని చేశాను. ఇలాంటి పరిశోధనల్లో ఎక్కువగా వాడే పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి ఒకటుంది, 1989 నాటిది. 19 ప్రశ్నలు. మొత్తం స్కోరు 5 దాటితే నిద్ర బాగాలేదని లెక్క. నిజానికి అది గడిచిన నెల గురించి అడుగుతుంది. నేను మాత్రం 2020 ఎండాకాలాన్ని గుర్తు చేసుకోమని తెలుగులో అడిగాను, కాబట్టి శాస్త్రం ప్రకారం చెల్లదు.

నాయన మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. పొలానికి రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో ఏళ్ళ తరబడి రెండింటికి లేచి మోటరు వేసి వచ్చిన మనిషి. మనం ఆన్‌కాల్ అని గొప్పగా చెప్పుకునేది ఆయన జీతం లేకుండా చేశాడు. "కరోనాకి చెడేందుకు మాకు నిద్ర ఉండింది ఎప్పుడురా" అన్నాడు.

అమ్మని, పడుకున్నాక నిద్ర పట్టేందుకు ఎన్ని నిమిషాలు పట్టేది అని అడిగితే, "గడియారం చూసుకుంటా పండుకుంటామా?" అంది. కాసేపాగి తనే చెప్పింది. నేను హైదరాబాదు నుంచి వచ్చినప్పటి నుంచి పదిహేను రోజులు ఆమె సరిగ్గా పడుకోలేదట. నేను మిద్దె మీద మాట్లాడుతున్నంతసేపూ ఫరవాలేదు. మాటలు ఆగిపోయాక, దగ్గుతానేమోనని తెల్లారేదాకా చెవి అటే పెట్టుకుని ఉండేదట. నాకీ సంగతి అప్పటిదాకా తెలీదు.

ఆ ప్రశ్నావళిలో దగ్గు వల్ల మీ నిద్ర చెడిందా అని ఒక ప్రశ్న ఉంది. అది పడుకున్నవాళ్ళ దగ్గు గురించే. పక్కనున్నవాళ్ళు దగ్గుతారేమోనని మేలుకుని ఉంటే వేసేందుకు గడి లేదు. వేరే కారణాలుంటే రాయమని కింద ఖాళీ గీత ఉంటుంది. అక్కడ రాశాను.