వరుసలో నిలువలేనివారు

1876లో వానలు తప్పి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. ఆనాటి ప్రభుత్వము ఆకలిగొన్న ప్రజకు అన్నము పెట్టుటకు ఏర్పరచిన ప్రధానమార్గము కరువు పని: ఒడలిలో సత్తువ యున్నవారు చెరువుకట్టమీదనో, రోడ్డుమీదనో మట్టి మోసి, సాయంకాలమునకు కూలి తెచ్చుకొనవలెను. 1877 జనవరిలో వైస్రాయి లిట్టను ప్రభువు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు ఆ కూలిని పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యము, కొలదిపాటి డబ్బు చొప్పునకు తగ్గించెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. మదరాసు శానిటరీ కమిషనరుగా నున్న డాక్టరు కార్నిషు ఈ కొలతతో మట్టి మోయు దేహము నిలువదని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకే మదరాసు ప్రభుత్వము కూలిని పెంచక తప్పలేదు. కార్నిషు వాదము గెలిచినందుకు నేటికిని మనము సంతోషింపవలసినదే. అయితే ఆ వివాదము ప్రధానముగ పనికి రాగల దేహమునకు ఎంత తిండి చాలునను విషయమును చుట్టుకొని తిరిగినది. పనిచోటికే రాలేని గ్రుడ్డివాడు, నడుము వంగిన అవ్వ, పురిటిలోని తల్లి ఆ లెక్కకు వెలుపల నుండిరి.

వారిని లెక్కలోనికి తెచ్చినది సర్ రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడి 1880లో నివేదిక సమర్పించిన క్షామవిచారణ సంఘము. దాని సిఫారసులను పురస్కరించుకొని 1883లో వెలువడిన కరువు నిబంధనావళి, కష్టించి సంపాదింపలేనివారికి ఊరికే సహాయము చేయుట ప్రభుత్వ ధర్మమని ఒప్పుకొనెను. వృద్ధులు, అంధులు, కాలుసేతులు స్వాధీనములో లేనివారు, మతి చలించినవారు, ఘోషాచే గడప దాటరాని స్త్రీలు, ఇంటిలో రోగినిగాని పసిబిడ్డనుగాని విడిచి కదలరానివారు, వీరందరిని గ్రామాధికారులు పట్టిక వ్రాసి ఇంటియొద్దనే బత్తెము అందజేయవలెను. ఈ పట్టికలోని కడపటి తరగతిని చూచినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును: రోగికి పరిచర్య చేయు మనిషికి ఆ పరిచర్యయే పని యని, అందుచేత ఆమెకును తిండి పెట్టవలెనని, పరపాలనలో నుండి పుట్టిన ఒక శుష్కశాసనము గ్రహించినది! లోపమెచ్చట నున్నదనగా, పట్టిక వ్రాయువాడొకడు, వ్రాయబడువాడొకడు. కరణమునకు కనబడనివాడు, కనబడినను గిట్టనివాడు పట్టికకు ఎక్కడు. ఎక్కినవానిని నీకేమి కావలెనని అడిగిన నియమము లేదు.

ఐరోపాలో ఈ ఆలోచన వేరొక తావున మొలకెత్తినది. 1859లో సొల్ఫెరీనో యుద్ధభూమిలో హెన్రీ డ్యునాంటు చూచిన ఘోరము 1864 నాటి జెనీవా ఒప్పందమునకు కారణమయ్యెను. అందు సమత్వ మనగా గాయపడినవాడు ఏ సేనవాడని అడుగకుండుట. వాడు గాయపడిన సైనికుడే కావలెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919లో ఎగ్లాంటైను జెబ్ అను మహిళ శత్రుదేశముల పిల్లలకు సైతము పాలు పంపుటకు పూనుకొని, 1924లో నానాజాతిసమితిచేత శిశువుల హక్కుల ప్రకటనను అంగీకరింపజేసెను. 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందము వృద్ధులను, గర్భిణులను, పదునైదేండ్లలోపు పిల్లలను పేర్కొని వారికి రక్షణస్థలములు ఏర్పరచవచ్చుననెను. మంచిదే, అయినను వీరు కాపాడదగిన దుర్బలులేకాని సలహా అడుగదగిన మనుష్యులను భావము ఇంకను పుట్టలేదు.

ఈ చరిత్రలో పెద్దమలుపు శాసనమువలన గాక, మృతులను లెక్కించుటవలన వచ్చినదని నా నమ్మకము. 1970 నవంబరు 12వ తేదీ రాత్రి నాటి తూర్పు పాకిస్తాను తీరమును ఉప్పెన ముంచి లక్షలాది జనులను పొట్టబెట్టుకొనెను. పిమ్మట సామరు, మోస్లీ అను ఇద్దరు వైద్యుల ఆధ్వర్యమున బ్రతికినవారి ఇంటింటికి పోయి, పోయినవా రెవరెవరని విచారించిరి. పదేండ్లలోపు పిల్లలు జనసంఖ్యలో మూడవవంతే యయ్యును మృతులలో సగమునకు మించి యుండిరి. వృద్ధులును స్త్రీలును నడివయసు పురుషులకంటె ఎక్కువగా పోయిరి. బ్రతికి బయటపడినవారి రొమ్ములమీదను, చేతులమీదను, తొడల లోపలివైపునను చర్మము చీరుకొనిపోయిన గాయములు కనబడినవి. అవి చెట్టును కౌగిలించుకొని ఉప్పెనకు ఎదురు నిలిచిన గుర్తులు. సముద్రము అందరిమీదికిని ఒక్కటే తీరున వచ్చెను. చెట్టును పట్టి యుండగల సత్తువ కలవారు మిగిలిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన మనకు ఆ గాయము లెట్టివో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ దేశమే బంగ్లాదేశమై 1972లో తుపాను హెచ్చరికకు స్వచ్ఛందసేవకుల దళమును నెలకొల్పెను. అయినను 1991 ఏప్రిలు 29 నాటి తుపానులో పోయిన సుమారు 1,38,000 మందిలో స్త్రీల పాలు మరల మిక్కుటమయ్యెను. హెచ్చరిక బజారులోని పురుషుల చెవి సోకి అచ్చటనే నిలిచిపోయెను. ఇంటి యజమాని అనుమతిలేక కదలుటకు సంకోచించినవారు కొందరు, పరపురుషులతో కిక్కిరిసిన ఆశ్రయభవనములో మరుగు లేదని వెనుదీసినవారు కొందరు. లోపము తెలిసిన పిదప ఆ దళములో స్త్రీలను చేర్చుకొనుట పెంచిరి. నేడు 76,000కు పైబడిన ఆ సేవకులలో ఇంచుమించు సగము స్త్రీలే. గడప లోపలికి పోయి మాటాడగల మనిషి చేతనే హెచ్చరిక గడప లోపలికి పోవును.

2004 డిసెంబరు 26 సునామీలో తమిళదేశపు కడలూరు జిల్లాలో ఆక్స్‌ఫాం సంస్థ పేర్కొన్న లెక్క ప్రకారము 391 మంది స్త్రీలును 146 మంది పురుషులును మరణించిరి. పురుషులు పడవలమీద నడిసముద్రమున నుండిరి. ఆ లోతునీటిలో అల పడవక్రిందుగా జారిపోయినది. వారు తెచ్చెడి చేపలకొరకు స్త్రీలు ఒడ్డున ఎదురుచూచుచుండిరి.

ప్రాణము దక్కినవారు శిబిరమునకు చేరినపిదప మరియొక వరుస మొదలగును. 1994లో రువాండానుండి పొరుగుదేశపు గోమా పట్టణమునకు పారిపోయిన శరణార్థుల శిబిరములలో కలరా వేలమందిని హరించుటయే గాక, ధాన్యము పంపకము పూర్వపు పెత్తందార్ల చేతిలో పడి, మగదిక్కులేని కుటుంబములకు కొరత యయ్యెను. ఆ చేదు అనుభవము ప్రేరేపింపగా, సేవాసంస్థలును రెడ్‌క్రాసు ఉద్యమమును 1997లో స్ఫియర్ అను పేర కనీసప్రమాణములను కూర్చుటకు పూనుకొనిరి. మనిషికి దినమునకు పదునైదు లీటర్ల నీరు, ఇరువదిమందికొక మరుగుదొడ్డి, అది నివాసమునకు 50 మీటర్ల లోపున నుండవలెను, లోపలినుండి గడియ వేయవలెను. ఆ గడియ చిన్న వస్తువని తోచవచ్చును. అది లేని చోట ఎంతో మంది ఆడపిల్లలు చీకటిపడుదాక నీరు త్రాగక కూర్చుందురు.

అందరికంటె ఆలస్యముగ ఈ లెక్కలోనికి వచ్చినవారు వికలాంగులు. 2011 మార్చిలో జపాను తూర్పుతీరమును సునామీ ముంచినపుడు, చనిపోయినవారిలో సగమునకు మించి అరువదియేండ్లు పైబడినవారు; వికలాంగుల మరణశాతము ఇతరుల శాతమునకు ఇంచుమించు రెండింతలు. అంత సంపన్నమైన, అంత సన్నద్ధమైన దేశములో ఇట్లు జరుగుట చూచినపుడు ఇది దరిద్రముచే గాక మరపుచే కలిగిన మరణమని చెప్పక తప్పదు. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి అంగీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక పదునొకండవ అధికరణములో ఆపత్కాలరక్షణ దయ గాదనియు రాజ్యముల బాధ్యత యనియు నిర్దేశించెను. భారతదేశము 2007లో దానిని ధ్రువీకరించెను. గణనయందును మార్పు వచ్చినది. నీవు వికలాంగుడవా యని అడిగిన సిగ్గుచేతనో భయముచేతనో పలువురు కాదందురు. కావున వికలాంగుల గణాంకములకై ఏర్పడిన వాషింగ్టను బృందము ఆరు ప్రశ్నలు కూర్చినది: చూచుటలో, వినుటలో, నడచుటలో, గుర్తుంచుకొనుటలో, తన పని తాను చేసికొనుటలో, తన మాట ఇతరులకు తెలుపుటలో ఎంత కష్టము కలదు? ఈ ప్రశ్నలకు మన పల్లెలలోని ముసలమ్మ సైతము తడుముకొనక బదులు చెప్పగలదు. 2016లో ఇస్తాంబులులో జరిగిన ప్రపంచ మానవతాసహాయ మహాసభలో, 2019లో అంతర్జాతీయసంస్థల మార్గదర్శకములలో నొక్కి చెప్పబడిన సూత్రము ఒక్కటే: సహాయము పొందువారితో సంప్రదింపక సహాయమును నిర్ణయింపరాదు.

1883 నాటి పట్టిక ఇప్పుడు మరల మన చేతికి వచ్చియున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టము ఎనిమిదవ విభాగము ప్రతి జిల్లా విపత్తునిర్వహణ సంస్థయు తన జిల్లాలోని వికలాంగుల వివరములను నమోదు చేసి, ప్రమాదము వచ్చినపుడు వారికి తగినరీతిగా తెలియజేయవలెనని ఆదేశించుచున్నది. పాఠకులారా, వచ్చు తుపానుకాలమునకు ముందే మీ జిల్లా కార్యాలయమునకు పోయి ఆ పట్టిక కలదా, అందు ఎవరి పేరులు కలవు, దానిని చివర ఎప్పుడు సరిచూచిరి అని అడుగుడు. పోవునపుడు మీ వీధిలో కన్ను కనబడనివారినో, కాలు కదలనివారినో, చెవి వినబడనివారినో వెంటబెట్టుకొని పొండు. ఆ ప్రశ్నను వారినే అడుగనిండు.