రతన్‌పూరు - పాతగోవా : ఇప్పసారా, ఫేనీ

గోవాకు పోవు యాత్రికులకు ఈ కాలమున ఒక దినచర్య ఏర్పడియున్నది. ఉదయము జీడిమామిడి తోటల నడుమ ఫేనీ కాచు బట్టిని చూతురు. రుచి చూడగోరువారు రుచియు చూతురు. మధ్యాహ్నము పాతగోవాలో బుడతకీచులు కట్టిన ప్రార్థనాలయముల నడుమ తిరిగి, ప్రొద్దు గ్రుంకునప్పటికి పణజి చేరుదురు. పోర్చుగల్లు దేశమునందును ద్రాక్షాసవపు గిడ్డంగులను, కోటగోడల పాతపట్టణమును ఒకే దినమున చూచివచ్చు అలవాటు కలదు. దీనిని విలాసయాత్ర యని తోసివేయుట తగదు. ఒక ఊరి మద్యమును, ఆ ఊరి శిథిలములను ప్రక్కప్రక్కన చూచినచో, చరిత్రకారులు వేరువేరు ప్రకరణములలో వ్రాయు పన్నును, ప్రభుత్వమును ఒక్క చోటనే కనిపించును. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరున నిలిచి చూచువారికి ఈ సంగతి మరింత తేటపడును. ఇక్కడ బుడతకీచులు లేరు, ద్రాక్షతోటలు లేవు. ఉన్నవి ఇప్పచెట్లు, 25 కిలోమీటర్ల దూరమున రతన్‌పూరు.

బిలాస్‌పూరు అర్పానది యొడ్డున చేపలు పట్టుకొని బ్రతికిన బిలాసా యను స్త్రీ పేర వెలసినదని జనశ్రుతి. 1861లో అది జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కాని దానిని పట్టణము చేసినది కచేరీ కాదు, రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే తన ప్రధానమార్గమును 1891 నాటికి నాగపూరు నుండి ఆసన్‌సోలు వరకు కలుపగా బిలాస్‌పూరు కూడలి యైనది. 1931లో రాయపూరు-విజయనగరము మార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునుండి ఇటు వచ్చుట సుకరమయ్యెను. రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబములకు పుట్టినిండ్లు పెక్కు శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములందే యున్నవి. 2003 నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానము. ఆ తెలుగువారిలో పనివాండ్రపై పెద్దను ‘మేస్త్రి’ యందురు. ఆ మాట పోర్చుగీసు మాట. బుడతకీచు ఎన్నడును కాలు మోపని యీ ఊరికి వాని పలుకు మనవారి నోట వచ్చి చేరినది!

రతన్‌పూరు సంగతి వేరు. శాసనములలో దాని పేరు రత్నపురము. పదునొకండవ శతాబ్దమున కలచురి రత్నదేవుడు తుమ్మాణమునుండి రాజధానిని ఇచ్చటికి మార్చెను. అతని మనుమడు జాజల్లదేవుని శాసనము, కలచురి సంవత్సరము 866, అనగా క్రీస్తుశకము 1114 నాటిది, ఏటేట ఆ రాజునకు కప్పము చెల్లించిన మండలాధిపతులను పేర్కొనును. ఆ పట్టికలో ఆంధ్ర, ఖిమిడి నామములు కూడ కలవు. ప్రశస్తికారులు కప్పములను ధారాళముగా పంచిపెట్టుదురన్నది శాసనములు చదువువారు ఎరిగినదే. ఐనను మన చరిత్ర గ్రంథములలో వేంగి, కల్యాణి, తంజావూరుల పేర్లకు ఉన్నంత చోటు రత్నపురమునకు లేకపోవుట న్యాయముగా తోచదు. మహామాయ ఆలయము, కోట గోడలు, లెక్కకు మిక్కిలియైన చెరువులు నేటికిని అచ్చట నున్నవి. రాజసింహుని ఆస్థానమున గోపాలమిశ్రుడు ‘ఖూబ్ తమాషా’ రచించినది కూడ ఈ ఊరనే.

1741లో భాస్కరపంతు నాయకత్వమున మరాఠాసేనలు వచ్చినవి. 1758 నుండి 1787 వరకు బింబాజీ భోంస్లే ఇచ్చటనే నివసించి పాలించెను. ఏలిక మారినను రాజధాని మారలేదు. 1818లో ఆంగ్లేయాధికారి ఆగ్న్యూ పరిపాలనా కేంద్రమును రాయపూరునకు తరలించెను. ఆ పిమ్మట వచ్చిన రైలు సైతము రతన్‌పూరును ప్రక్కనుంచి బిలాస్‌పూరు మీదుగా సాగిపోయినది. పాతగోవా కథయు ఇంచుమించు ఇట్టిదే. 1510లో ఆల్బుకెర్కు జయించిన నగరము అంటువ్యాధులకు తాళలేక క్రమముగా ఖాళీపడి, 1759లో రాజప్రతినిధి నివాసము పణజివైపు మారగా, 1843లో రాజధాని యను పేరును పణజికే వదలుకొన్నది. ఒకదానిని రోగము, రెండవదానిని దస్త్రము పాడుచేసినవి. అయితే పాతగోవా ఆలయములు 1986లో ప్రపంచ వారసత్వపు పట్టికకెక్కినవి. రతన్‌పూరునకు నవరాత్రులలో భక్తులు వత్తురు, తక్కిన దినములలో చరిత్ర కొరకు వచ్చువారు స్వల్పము.

ఇక మద్యముల మాట. జీడిమామిడిని బ్రెజిల్ దేశమునుండి పదునారవ శతాబ్దమున తెచ్చినవారు బుడతకీచులు. గోవాలో పండును రాతితొట్టిలో త్రొక్కి, కారిన రసమును పులియబెట్టి, కుండబట్టిలో కాతురు. మొదటి కాపు ఉర్రాకు. మరల కాచినది ఫేనీ. మన పలాసలో గింజకే గౌరవము, పండు నేలపాలు. ఇప్పపూవు కథలో దిగుమతి లేదు. ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున పూలు రాలును. చెట్టు క్రింద ఆకులూడ్చి, స్త్రీలును పిల్లలును ఏరి, ఎండబెట్టి దాతురు. పూవునందే తీపి దండిగా నుండుటచే కొన్ని దినములు నానవేసిన చాలును, పులియును. పిదప కుండ, దానిపై కుండ, ఒక గొట్టము, ఒక పొయ్యి. అంతే సామగ్రి. ఇప్పపూవు మద్యమునకే కాదు, ఆహారమునకును ఆధారము. 1897లోను, 1900లోను ఈ జిల్లాను పీడించిన కరవులవంటి గడ్డుకాలములలో అడవిప్రజలను ఆదుకొను దినుసులలో అది యొకటి.

ఇంత సుళువైన పనిపై పన్ను వేయుటెట్లు? ఆంగ్లప్రభుత్వమునకు ఎదురైన చిక్కు ఇదియే. చెట్టు అడవిలో నున్నది, కుండ ఇంటిలో నున్నది, పొగ తప్ప గుర్తు లేదు. కనుక కాపును లైసెన్సు పొందిన బట్టీలకు, గుత్తదారులకు అప్పగించి, ఇంటికుండను నేరము చేసిరి. 1878లో బొంబాయి అబ్కారీ చట్టము వచ్చినది. అదే సంవత్సరము డిసెంబరు 26న కుదిరిన ఆంగ్ల-పోర్చుగీసు సంధి, మార్ముగోవా రైలుమార్గముతో పాటు బొంబాయి అబ్కారీ పద్ధతిని కూడ గోవాకు తెచ్చిపెట్టినది. ఆ సంధి 1892లో ముగిసినది. అదే 1892లో బొంబాయి ప్రభుత్వము ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపూవు సేకరణను, నిలువను కట్టడిచేయు చట్టము చేసెను. కుండను పట్టలేక పూవును పట్టుకొనిరన్నమాట! మధ్యపరగణాలలో పూవు జోలికి అంతగా పోలేదు గాని, 1915 నాటి ఎక్సైజు చట్టము బట్టిని పట్టి ఉంచినది. ఆ చట్టమే సవరణలతో నేటి ఛత్తీస్‌గఢ్‌కు సంక్రమించినది. షెడ్యూల్డు తెగలవారు తమ ఇంటివాడుకకు కొంత మేర కాచుకొనవచ్చును, అమ్మరాదు.

ఈ వ్యవహారపు నిఘంటువు చూచుట వినోదముగా నుండును. ‘అబ్కారీ’ పారసీకము. దుకాణములను పాడు ‘వేలము’ను, సారా నింపు ‘పీపా’ను పోర్చుగీసు మాటలనుండి వచ్చినవే. ‘పీపా’ వారి భాషలో ద్రాక్షాసవమును కొలుచు చెక్కతొట్టి. కొలతయు, పాటయు సముద్రముమీద వచ్చినవి; ‘ఇప్ప’ మాత్రము మన అడవిది, సంస్కృతమున అది ‘మధూకము’.

గోవా 1961లో భారతదేశమున చేరినది. జీడిమామిడి ఫేనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2016లో గోవా ప్రభుత్వము దానిని వారసత్వ పానీయముగా ఎంచినది. పొరుగున మధ్యప్రదేశ్ ప్రభుత్వము ఇప్పసారాను వారసత్వ మద్యముగా చేయ సంకల్పించినట్లు 2021లో ప్రకటించినది. ఛత్తీస్‌గఢ్ మద్యపు దుకాణములను 2017లో ప్రభుత్వమే స్వయముగా చేపట్టినది. అడవికుండ ఆ దుకాణపు అరలకు ఎక్కలేదు. నేను మద్యపానమును సమర్థించుట లేదు. తాగుబోతు భర్తల వలన రైల్వే కాలనీలలోనైనను, గోండు గూడెములలోనైనను ఇల్లాండ్రు పడు పాట్లు ఎరుగనివారు లేరు. అడుగవలసిన ప్రశ్న ఇది: పరదేశపు పండుతో కాచినది వారసత్వమైనప్పుడు, ఈ నేల పూవుతో కాచినది దొంగసరకు ఏల కావలెను? కారణము రుచిలో లేదు. ఫేనీ కాచువాడు తోటను వేలములో పాడుకొని దస్త్రములోనికి వచ్చినాడు. ఇప్పకాచు స్త్రీ దస్త్రమునకు వెలుపల నిలిచినది.

ఇది అనువాదకులకును చెందిన విషయము. ఛత్తీస్‌గఢీ, గోండీ కథలలో ‘మహువా’ వచ్చినచోటనెల్ల మనవారు ‘నాటుసారా’ అని వ్రాయుట కద్దు. పెండ్లిలో, పండుగలో, పితృదేవతల ముందు నేలపై ధారగా పోయు ద్రవము ఆ మాటతో పోలీసు నివేదికలోని ముద్దాయి యగుచున్నది. ‘ఇప్పసారా’ యని వ్రాసిన చాలును. ఆ పూవును ఎరిగిన తెలుగుపల్లెలు, ఆదిలాబాదు మొదలు భద్రాచలము దాక, వెంటనే గుర్తుపట్టును.

రతన్‌పూరు చూడగోరువారు ఫాల్గుణమాసాంతమున పోవుట మేలు. తెల్లవారకమునుపే బిలాస్‌పూరు విడిచినచో దారిలో ఇప్పచెట్ల క్రింద గంపలతో వంగియున్న స్త్రీలు కనిపింతురు. ఎండ ముదురకమునుపే ఆ ఏరుట ముగిసిపోవును. ఆ వేళకు కోటవాకిలి చేరవచ్చును.