ఉత్తర్వుకు ముందు పదమూడు బడులు

1953 జూన్‌లో బళ్ళు తెరిచేసరికి మద్రాసు రాష్ట్రంలో పల్లెటూరి ఎలిమెంటరీ బళ్ళ వేళలు మారిపోయాయి. అంతవరకు రోజుకు ఐదు గంటలున్న చదువు మూడు గంటలకు దిగింది. పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు. మిగతా పూట మగపిల్లవాడు తండ్రి చేసే పని నేర్చుకోవాలి, ఆడపిల్ల ఇంటిపని నేర్చుకోవాలి. అయ్యవారు మాత్రం రెండు పూటలా బడిలోనే ఉండాలి. ముఖ్యమంత్రి రాజగోపాలాచారి (రాజాజీ) తెచ్చిన ఈ ఏర్పాటుకు కాగితం మీద ‘సవరించిన ప్రాథమిక విద్యా పథకం’ అని పేరు. ఎదిరించినవాళ్ళు ‘కులకల్వి’, అంటే కులవిద్య, అన్నారు. జనం నోట ఆ పేరే నిలిచింది.

మా నాయన అప్పుడు పొన్నేరి తాలూకాలో బడి అయ్యవారు. మా ఊరు ఆరంబాక్కం ఆ రోజుల్లో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. పులికాటు ఒడ్డు పల్లెల్లో పొద్దుటి జట్టు పిల్లలు బడి వదలగానే సరస్సు దారి పట్టేవాళ్ళట. మధ్యాహ్నపు జట్టువాళ్ళు పొద్దున్నే పడవలెక్కి వెళ్ళి వేళకు తిరిగి వచ్చేవాళ్ళు కారట. “వాళ్ళకు పని నేర్పమని సర్కారు చెప్పాల్సిన పని లేదు. వాళ్ళకు దొరకనిదల్లా బడే” అనేవాడు నాయన. ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. సర్క్యులర్ వచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నాడు, అంతే.

రాజాజీ వైపు నుంచి కూడా చూడాలి. పదేళ్ళలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచితంగా నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగం చెప్పింది. ఖజానాలో డబ్బు లేదు, బడి ఈడు పిల్లల్లో ఎంతోమంది ఇంకా బడి బయటే ఉన్నారు. ఉన్న గదుల్లోనే, ఉన్న అయ్యవార్లతోనే రెండింతల పిల్లలను కూర్చోబెట్టాలంటే రెండు జట్లు చేయడం ఒక దారి. ఆ లెక్కను నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేది తెచ్చిన తీరును. సొంత పార్టీని గాని, మంత్రివర్గాన్ని గాని సరిగా సంప్రదించకుండా, ఒక్క ఫిర్కాలోనైనా నడిపి చూడకుండా, రాష్ట్రంలోని పల్లెలన్నిటి మీదా ఒకేసారి పెట్టేశారు. తండ్రి పని కొడుకు నేర్చుకోవాలంటే కులవృత్తిలోనే ఉండిపొమ్మన్నట్టు ఎందరికో వినిపించింది. పెరియార్ కదిలారు, ద్రావిడ మున్నేట్ర కళగం వీధుల్లోకి వచ్చింది. జూలై నెలాఖరున శాసనసభలో పథకాన్ని ఆపేయాలన్న తీర్మానానికి అటు 138, ఇటు 138 ఓట్లు పడటంతో అది నెగ్గలేదు, పథకం బతికింది. నిపుణుల సంఘం వేసి పరిశీలించాలన్న మరో తీర్మానం స్వల్ప తేడాతో గెలిచింది. అలా పారులేకర్ అధ్యక్షతన సంఘం వచ్చి, పథకం బాగానే ఉందని నవంబరులో నివేదిక ఇచ్చింది.

నిపుణులను అడిగిందే, ఉత్తర్వు బళ్ళకు చేరిన తర్వాత. ఆ మధ్యలో అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. మరుసటి ఏప్రిల్‌లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1954 మే 18న విద్యాశాఖ చూస్తున్న సి. సుబ్రమణ్యం పథకాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఒక్క విద్యా సంవత్సరంతో దాని కథ ముగిసింది.

ఆ గొడవలో నాయనకు మరీ బాధ కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. పల్లె బడికి పనికొచ్చే కొత్త పద్ధతుల గురించి ఆ తర్వాత ఎవరు మాట్లాడబోయినా, కులకల్వి మళ్ళీ వస్తోందా అని అనుమానించేవాళ్ళు. తొందరపడి తెచ్చిన ఒక్క ఉత్తర్వు వెనక వచ్చే మంచి ఆలోచనలకు కూడా తలుపు మూసింది.

బడిలో కొత్తదనం ఎప్పుడూ రాజధాని నుంచే వస్తుందన్న నమ్మకం కూడా ఈ ప్రాంతానికి పాతదేం కాదు. మద్రాసు గవర్నరు మన్రో 1822లో జిల్లాల వారీగా బళ్ళ లెక్కలు తెప్పించాడు. 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు తేలారు. చాలావరకు ఊళ్ళవాళ్ళు నడుపుకున్న వీధిబళ్ళే. అప్పటి బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికను నేను మళ్ళీ మళ్ళీ చదివాను. తెలుగు పిల్లలు అర్థం తెలియని పద్యాలు వల్లిస్తున్నారని, చెప్పే అయ్యవారికే చాలాసార్లు అర్థం తెలియదని కటువుగా రాశాడు. ఆ కలంతోనే రెండింటిని మెచ్చుకున్నాడు. ఒకటి, ఇసుకలో వేలితో రాయించే పొదుపు. రెండు, చదువు వచ్చిన పిల్లవాడి చేత రాని పిల్లవాడికి చెప్పించే పద్ధతి. అంతకు ముందే ఎగ్మూరులో సైనికుల పిల్లల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఇక్కడి వీధిబడిలో ఇసుక రాత చూసి నేర్చుకున్నాడు, పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతిని కూడా తన బడిలో నడిపాడు. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది ఇంగ్లండు బళ్ళలోకి పాకింది. ఆ ఇసుక బడుల అయ్యవార్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

పెద్దపిల్ల చిన్నపిల్లకు చెప్పే ఆ పద్ధతి మళ్ళీ తిరిగివచ్చింది తెలుగు పల్లెల నుంచే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో 1980ల చివర పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల ఊళ్ళలో ఏకోపాధ్యాయ బళ్ళు పెట్టించారు. ఒకే గది, ఒకే అయ్యవారు, ఐదు తరగతుల పిల్లలు. అందరికీ ఒకే పాఠం చెప్పడం ఎలాగూ కుదరదు. అందుకని పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డుల మీదికి ఎక్కించారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, ఒక అంకె. గోడ మీది నిచ్చెన పటంలో అదే బొమ్మ, అదే అంకె. పిల్ల తానెక్కడ ఉందో పటంలో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, చాప మీద తన జట్టులో కూర్చుంటుంది; తెలిసిన పిల్ల తెలియని పిల్లకు చెబుతుంది. నాలుగు రోజులు బడి ఎగ్గొట్టిన పిల్ల తిరిగి వచ్చినప్పుడు ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. వేరుశెనగ పీకే రోజుల్లో, గొర్రెలు మేపే రోజుల్లో బడి మానక తప్పని పిల్లల కోసం పుట్టిన ఆలోచన అది. రాజాజీ తీర్చబోయిన చిక్కు కూడా ఇదే. ఈ దంపతులు మాత్రం బడి గంటలు తగ్గించకుండా పాఠాన్ని మార్చారు.

సరిగ్గా అప్పుడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా బ్రిటిష్ సాయంతో ఇంకో పని చేసింది. ప్రాథమిక విద్యా ప్రాజెక్టును 1984లో కొద్ది బళ్ళలో మొదలుపెట్టి, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించింది. పిల్లలు చేసినవి గోడకు తగిలించడం, చుట్టూ ఉన్న వస్తువులతోనే పాఠం చెప్పడం దాని సూత్రాల్లో ఉన్నాయి. తడ అవతలి బళ్ళలో పనిచేసే మా బంధువులు వాటి గురించి చెబుతుంటే మేం వినేవాళ్ళం. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు అమల్లోకి వచ్చి సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు, తిరుత్తణి మద్రాసుకు పోయినా, ఆరంబాక్కం ఇటే ఉండిపోయింది. రైల్లో తడ పక్క స్టేషనే. విద్యాశాఖ మాత్రం వేరు.

రిషి వ్యాలీ కార్డులు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్ల చేతికి వెళ్ళి కన్నడంలో ‘నలి-కలి’ అయ్యాయి. తర్వాత మద్రాసు చేరాయి. ఎం.పి. విజయకుమార్ చెన్నై కార్పొరేషన్ కమిషనరుగా ఉండగా, 2003లో 13 కార్పొరేషన్ బళ్ళలో మొదలుపెట్టారు. ఆయన అంతకుముందే వేలూరు కలెక్టరుగా వెట్టి పిల్లల బళ్ళతో పనిచేసినవారు. పదమూడు బళ్ళ టీచర్లు రిషి వ్యాలీ వెళ్ళి చూసి వచ్చారు. కార్డులు తామే రాశారు, చింపారు, మళ్ళీ రాశారు. ఏడాది నడిచాక కార్పొరేషన్ బళ్ళన్నిటికీ పాకింది. 2007-08 నాటికి రాష్ట్రంలో 37 వేలకు పైగా ప్రాథమిక బళ్ళకు చేరింది. తమిళంలో దాని పేరు ‘సెయల్వళి కట్రల్’.

మా గుమ్మిడిపూండి యూనియన్‌కు అది వచ్చినప్పుడు నేను తెలుగు బడిలో టీచరును. బెంచీలు తీసేసి చాపలు పరిచాం. గోడ కింది భాగమంతా పిల్లల ఎత్తుకు నల్లరంగు వేయించి, ఒక్కొక్కరికి ఒక్కో చోటు ఇచ్చాం. తల మీద తీగలు కట్టి వాళ్ళు వేసిన బొమ్మలు వేలాడదీశాం. హాజరు పట్టీలో ఎవరి గుర్తు వాళ్ళే పెట్టుకునేవాళ్ళు. పళ్ళు తోముకున్నానా, గోళ్ళు తీసుకున్నానా అని ఆరోగ్య చక్రం ముందు నిలబడి చెప్పుకునేవాళ్ళు. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరైనా వస్తే లేచి నిలబడి దండాలు పెట్టే భయం తగ్గింది. ఒకటో తరగతి పిల్ల వచ్చినాయన చెయ్యి పట్టుకుని నిచ్చెన దగ్గరికి తీసుకుపోయి, “నేను ఈడ ఉండా సార్” అని చూపించింది. నా ఉద్యోగమంతటిలో అంతటి సంతోషం ఇంకోటి లేదు.

కాని కార్డులు తమిళంలో వచ్చాయి. లెక్కల కార్డుల వెనక పెన్నుతో తెలుగు రాసుకుంటే సరిపోయింది. భాష కార్డులకు అది కుదరలేదు. తమిళంలో మొదట నేర్పే అక్షరం ‘ట’. ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, అయిపోయింది. తర్వాత ‘ప’, మూడు గీతలు. తిన్నని గీతల నుంచి వంపులకు వెళ్ళే వరస అది. మన లిపిలో తిన్నని గీత ఎక్కడిది? అన్నీ చుట్లే. అందుకని రాత తేలికను, మాటను కలిపి మా వరస మేం కట్టుకున్నాం. మొదట ‘వ’, ‘ల’. రెండూ కలిస్తే ‘వల’. పిల్ల ఇంటి ముందు ఆరేసి ఉండేదే. తర్వాత ‘ప’, ‘డ’ చేరితే ‘పడవ’. గుణింతం అక్కర్లేకుండా, తలకట్టుతోనే, పులికాటు పిల్లకు తెలిసిన మాటలు వచ్చేశాయి. వ, ప, మ చూపుకు దగ్గరి అక్షరాలు కాబట్టి పక్కపక్కనే పెడితే పిల్లలు తికమకపడ్డారు. ‘మ’ను నాలుగు మెట్లు పైకి జరిపాం. బ్లాకు శిక్షకురాలు వచ్చి, పటంలో వరస తప్పిందని నోట్సులో రాసింది. తెలుగుకు ఆమె దగ్గర వరసే లేదు.

పదమూడు బళ్ళలో ఆడించి చూసిన పద్ధతి కూడా 37 వేలకు చేరేసరికి ఉత్తర్వుగా మారిందని అప్పుడు అర్థమైంది. ఒక్క తరగతిలోనే నలభై మంది ఉన్న బడికీ, ఐదు తరగతులు కలిపి ఇరవై మంది ఉన్న బడికీ ఒకే నిచ్చెన. కార్డులు చిరిగితే కొత్తవి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేదు. హోంవర్కు లేదు, పుస్తకం తెరవరు, ఆడుకుంటున్నారని తల్లిదండ్రులు గొణిగారు, ఫీజు కట్టి ఇంగ్లీషు బడికి పంపారు. 2012 నుంచి మూడు విడతల పుస్తకాలు, నిరంతర మూల్యాంకనం వచ్చాక కార్డులు నెమ్మదిగా బీరువాల్లోకి వెళ్ళాయి. అయినా చాప, కింది నల్లబల్ల, జట్టు పోలేదు. 1953 పథకం తాలూకు ఒక్క ఆనవాలు కూడా ఏ బడిలోనూ మిగలలేదు.

తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం మా బళ్ళకు ఇంకో అనుభవం. ఆ ఏడు ఒకటో తరగతి, మరుసటి ఏడు రెండో తరగతి, అలా 2015-16కు పదో తరగతి చేరాలని దాని లెక్క. మెట్టు మెట్టుగా వెళ్ళడం మంచిదే. తమిళం రావాలన్నది కూడా నా మాటే. గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పనికి వెళ్ళే పిల్ల తమిళం రాకపోతే ఎలా? కాని నేర్పే టీచర్లను వేయకుండా పరీక్ష పెడితే ఎలాగని భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకు వెళ్ళారు. 2016లో మద్రాసు హైకోర్టు పదో తరగతి పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకు మళ్ళీ ఇచ్చింది. పరీక్షకు కాస్త ముందు దాకా రాయాలో వద్దో తెలియక కూర్చున్న పిల్లలను చూశాను. తరగతుల మెట్లు లెక్కగానే వేశారు, టీచరు మెట్టు మరిచారు.

కొత్త పద్ధతికి అనుమతి ఇచ్చే నిబంధన ఎలా ఉండాలని ఆలోచించినప్పుడు అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2008లో చేసిన చట్టం నాకు నచ్చింది. అక్కడ సర్కారు బడి ఏదైనా కొత్తగా నడవాలనుకుంటే, ప్రణాళికను బడివాళ్ళే రాసుకోవాలి. టీచర్లలో ఎక్కువమంది ఒప్పుకున్నట్టు చూపాలి. ముందు స్థానిక బోర్డు, తర్వాత రాష్ట్ర బోర్డు ఏ నిబంధనలు సడలించాలో చూస్తాయి. మూడేళ్ళకోసారి సమీక్ష. 2010లో మసాచుసెట్స్ ఇంకా ముందుకు వెళ్ళి, ఉన్న బడిని మార్చాలంటే టీచర్లలో మూడింట రెండు వంతుల ఓటు ఉండాలంది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం కృత్యాల ద్వారా నేర్పమని, వీలైనంతవరకు తల్లిభాషలో చెప్పమని రాసింది. ఆ పద్ధతిని మా బడే తయారుచేసుకుంటే ఎవరికి రాయాలి, ఎన్నాళ్ళలో జవాబు రావాలి అన్నది మా చేతికి వచ్చిన ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

2022 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ ‘ఎన్నుమ్ ఎళుత్తుమ్’ను మా తిరువళ్ళూరు జిల్లాలోనే, అళింజివాక్కం యూనియన్ బడిలో ప్రారంభించారు. కరోనా సెలవుల్లో చదువు మరిచిన ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలను అరుంబు, మొట్టు, మలర్ (లేతమొగ్గ, మొగ్గ, పువ్వు) అని మూడు స్థాయిలుగా చేసి నేర్పే కార్యక్రమం అది. నిచ్చెన పోయి పువ్వులు వచ్చాయి, ఆలోచన అదే: ఎవరు ఎక్కడున్నారో అక్కడి నుంచి. నేను అప్పటికి రిటైరయ్యాను. మా బళ్ళలో పనిచేస్తున్న పిల్లలు, అంటే ఇప్పటి టీచర్లు, ఫోన్ చేసి “అక్కా, మీ వల–పడవ వరస కాగితం ఉందా?” అని అడిగారు. పంపించాను. దాంతోపాటు బీఈఓ ఆఫీసుకు ఇవ్వమని ఒక ఉత్తరం కూడా పెట్టాను. తర్వాత ఏ కొత్త పద్ధతి వచ్చినా, ముందుగా నడిపి చూసే బళ్ళ జాబితాలో తమిళ బళ్ళతోపాటు ఒక తెలుగు బడి, ఒక ఉర్దూ బడి ఉండాలని, ఆ బళ్ళ టీచర్లు రాసిచ్చిన అభిప్రాయం జీ.ఓ.తో జతపరచాలని, ఆ రెండూ లేకుండా ఉత్తర్వు బళ్ళకు పంపకూడదని అందులో అడిగాను.