రెండవ కావలి

జొన్నచేనులో మంచె ఎక్కినవాణ్ణి ఊరంతా చూస్తుంది. వాడికి జ్వరం వస్తే ఎక్కడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు. ఫుట్‌బాల్ ఆటలో రెండవ గోల్‌కీపరు స్థితి కూడా ఇటువంటిదే. మా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో కబడ్డీకి ఉన్న ఆదరణ ఈ ఆటకు లేదు. పద్యాలు చెప్పుకునే పంతులుకు ఈ ప్రస్తావన ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఈ కథకు సూత్రధారి కూడా ఒక బడిపంతులే కావడం మొదటి కారణం. రెండవది తరువాత చెబుతాను.

ఆ పంతులు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1963లో మరణించేవరకు ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకుడు. పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన జట్టులో ప్రసిద్ధుడైన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాదులో జన్మించాడు. 1953లో సైన్యంలో చేరినప్పుడు గోల్స్ కొట్టే స్థానంలో ఆడేవాడు. గోల్స్ ఆపే స్థానానికి తరువాత మారాడు. 1967లో అర్జున పురస్కారం, 2008లో మరణం. అటువంటి ఆజానుబాహువు వెనుక రెండవవాడుగా నిలవడం ఎంత కష్టమో ఊహించండి. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ జట్లలో తంగరాజ్‌తో పాటు ఎస్.ఎస్. నారాయణ్ కూడా ఉన్నాడు. ఆయన పేరు ఇవాళ ఎందరికి తెలుసు?

ఆ రోజుల నియమాలను గుర్తుంచుకోవాలి. ఆట మధ్యలో మనిషిని మార్చే సౌకర్యం అప్పట్లో దాదాపుగా లేదు. 1956లో ఇంగ్లండులో ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో బెర్ట్ ట్రౌట్‌మన్ మెడ ఎముక విరిగినా చివరివరకు గోలు కాశాడు. ప్రపంచకప్పులో మార్పిడి ఆటగాళ్లకు అనుమతి వచ్చింది 1970లోనే. కనుక రెండవ గోల్‌కీపరుకు అవకాశం రావాలంటే ఆటకు ముందే రావాలి. ఈల మోగిన తరువాత అతడు కేవలం ప్రేక్షకుడు.

1962 జకార్తా ఆసియా క్రీడలలో ఈ కథ తిరగబడింది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించినప్పుడు గోలు ముందు నిలిచినవాడు బెంగాలుకు చెందిన ప్రద్యుత్ బర్మన్. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్‌కు రహీం తంగరాజ్‌ను దింపాడు. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించాడు. పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేశారు. భారత్ 2-1తో గెలిచింది. స్వర్ణపతకం అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఆఖరి రోజు జట్టే. కాని ఆ రోజు దాకా జట్టును నడిపించిన చేతులలో బర్మన్ చేతులు కూడా ఉన్నాయి. ఇంతకూ ఆ పోటీలో మొదటివాడెవరు, రెండవవాడెవరు?

నియమాలు మారాక రెండవవాడికి కొత్త వెలుగు వచ్చింది. 2014 ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనల్లో కోస్టారికాపై నెదర్లాండ్స్ శిక్షకుడు 120వ నిమిషంలో టిమ్ క్రూల్‌ను దింపాడు. అతడు 2 పెనాల్టీలు ఆపి గెలిపించాడు. సెమీఫైనల్లో మార్పులన్నీ అయిపోవడం వల్ల అతడికి పిలుపు రాలేదు. జట్టు పెనాల్టీలలో ఓడింది. మన దగ్గర 2022 మార్చి 20న ఐ.ఎస్.ఎల్. ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్.సి.ని పెనాల్టీలలో గెలిపించినవాడు లక్ష్మీకాంత్ కట్టిమణి. అక్కడ కట్టిమణి నీడన ఉన్న గుర్మీత్ సింగ్, 2024 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ తరఫున మోహన్ బగాన్‌పై 2 పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు. 2025లో హైదరాబాద్ జట్టే ఢిల్లీకి తరలిపోయింది.

ఇక రెండవ కారణం. ఒకసారి మా బడి పిల్లలు ఆటల పోటీలో గెలిచారు. అదనపు ఆటగాడిగా వచ్చిన పిల్లవాడికి మాత్రం నిర్వాహకులు ప్రశంసాపత్రం ఇవ్వలేదు. “సార్, రోజూ అందరితోపాటు నేనూ ఉరికిన గదా?” అని వాడు అడిగాడు. వాదించాను, ఫలితం లేకపోయింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను విడవలేదు.

రెండవవాడు లేకుండా మొదటివాడికి సాధన లేదు; ఎదురుగా పోటీ లేనివాడికి పదును రాదు. ఆ సంగతి తెలిసినవాడు కనుకనే రహీం జకార్తాలో ఇద్దరినీ సిద్ధంగా ఉంచుకోగలిగాడు. మీ మీ ఊళ్ల జట్లలో ఇటువంటి రెండవ కావలివాళ్లు ఉంటే, వారి ముచ్చట్లు మీరూ రాయండి. చదవాలని ఉంది.