వేడి లేకుండానే మారే దశలు: ఏమిటీ శాస్త్రి–సదర్లాండ్ అయస్కాంతం?

నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. కానీ వేడి దాదాపు లేని చోట, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రత (మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్) సమీపంలోనూ కొన్ని అయస్కాంత పదార్థాలు దశ మారతాయి. అక్కడ మార్పును నడిపేది ఉష్ణం కాదు, క్వాంటం ఊగిసలాట. ఈ మార్పులను పరీక్షించడానికి గీటురాయిగా నిలిచినది భారతీయ భౌతిక శాస్త్రవేత్త బి. శ్రీరామ్ శాస్త్రి, బిల్ సదర్లాండ్ 1981లో ప్రతిపాదించిన నమూనా.

ఫ్రస్ట్రేషన్ అంటే?

ప్రతి ఎలక్ట్రాన్‌కూ స్పిన్ అనే గుణం ఉంటుంది. దానివల్ల అది బుల్లి అయస్కాంతంలా పనిచేస్తుంది. యాంటీఫెర్రో అయస్కాంతాల్లో పక్కపక్క స్పిన్‌లు ఎదురెదురు దిశల్లో ఉండాలని చూస్తాయి. చదరపు గళ్లలో అది సాధ్యమే. త్రిభుజంలో మాత్రం ఒకటి పైకి, మరొకటి కిందికి తిరిగితే మూడోది ఆ రెండింటికీ ఒకేసారి ఎదురుగా ఉండలేదు. ఈ ఇరకాటమే ఫ్రస్ట్రేషన్.

కాగితం నుంచి స్ఫటికానికి

శాస్త్రి, సదర్లాండ్ చదరపు గళ్లలో గడి విడిచి గడికి ఒక కర్ణం గీశారు. కర్ణం వెంట బంధం తగినంత బలంగా ఉంటే, దాని రెండు కొసల స్పిన్‌లు జంటకట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని ఉజ్జాయింపులు లేకుండా నిరూపించారు. స్ట్రాన్షియం కాపర్ బోరేట్ అనే పదార్థం 1991లోనే తయారైంది. అందులోని రాగి అయాన్ల పొరలు సరిగ్గా ఈ నమూనాకు సరిపోతాయని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు.

మూడు దశలు

చదరపు బంధం బలాన్ని కర్ణ బంధం బలంతో భాగిస్తే వచ్చే నిష్పత్తే ఇక్కడ కీలకం. కంప్యూటర్ లెక్కల ప్రకారం అది సుమారు 0.675 వరకు ఉంటే స్పిన్‌లు జంటలుగా ఉంటాయి. 0.765 దాటితే యాంటీఫెర్రో క్రమం వస్తుంది. ఆ రెండింటి నడుమ నాలుగేసి స్పిన్‌లు కూటమి కడతాయి. స్ఫటికాన్ని గట్టిగా నొక్కితే ఈ నిష్పత్తి పెరుగుతుంది.

2021లో ‘నేచర్’లో వచ్చిన పరిశోధన మరో విశేషాన్ని బయటపెట్టింది. నీటికి 374 డిగ్రీల సెల్సియస్, 218 వాతావరణ పీడనాల వద్ద ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది. దాన్ని సందిగ్ధ బిందువు అంటారు. అలాంటి బిందువే ఈ స్ఫటికంలోనూ కనిపించింది. అయితే అది సుమారు 19 వేల వాతావరణ పీడనాల వద్ద, పరమ శూన్యానికి నాలుగు డిగ్రీలలోపే ఉంది.

ఇంకా తేలనిది

వేర్వేరు క్రమాలున్న రెండు దశల మధ్య మార్పు సాధారణంగా ఒక్కసారిగా జరగాలన్నది లెవ్ లాండౌ సిద్ధాంతం చెప్పే మాట. అది అంచెలంచెలుగా, తెగకుండా కూడా జరగవచ్చని 2004లో టి. సెంథిల్, అశ్విన్ విశ్వనాథ్, సుబీర్ సచ్‌దేవ్ తదితరులు ప్రతిపాదించారు. కూటమి దశ నుంచి యాంటీఫెర్రో దశకు మారే చోటే దీనికి పరీక్ష. 2023లో ‘సైన్స్’లో వచ్చిన ప్రయోగంలో, పీడనంతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించినప్పుడు, 0.07 కెల్విన్ దగ్గర ఆ మార్పు ఒక్కసారిగానే జరిగింది. కానీ ఆ కుదుపు చాలా స్వల్పం. అంటే 2004లో ఊహించిన బిందువు దగ్గర్లోనే ఉండవచ్చు. ఈ రెండు దశల నడుమ, ఎంత చల్లబరిచినా స్పిన్‌లు ఏ క్రమంలోనూ స్థిరపడని ‘స్పిన్ ద్రవం’ ఉందని మరికొన్ని లెక్కలు చెబుతున్నాయి.

ఇది తేలితే దశా మార్పులపై దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాలు చెబుతున్న సూత్రానికి హద్దు ఎక్కడో తెలుస్తుంది.