లేవగానే సిగరెట్ వెలిగిస్తున్నారా? రెండు ప్రశ్నలతో మీ స్కోర్ చూసుకోండి

నికోటిన్‌కు ఎంత బానిసయ్యారో చెప్పే ఫాగర్‌స్ట్రోమ్ టెస్ట్ 1991లో వచ్చింది. ఇందులో 6 ప్రశ్నలున్నా.. కీలకమైనవి రెండే.

1. నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎప్పుడు? 5 నిమిషాల్లోపైతే 3 పాయింట్లు, అరగంటలోపు 2, గంటలోపు 1, ఆ తర్వాతైతే 0.

2. రోజుకు ఎన్ని? 10 వరకు 0, 20 వరకు 1, 30 వరకు 2, అంతకు మించితే 3.

రెండూ కూడండి. 0-2 వస్తే తక్కువ, 3-4 మధ్యస్థం, 5-6 ఎక్కువ.

లేచిన టైమ్ ఎందుకంటే.. రాత్రంతా తాగకపోవడంతో ఒంట్లో నికోటిన్ బాగా పడిపోతుంది. ఆ లోటుకే పొద్దున్నే చెయ్యి ప్యాకెట్ వెతుకుతుంది.

స్కోర్ ఎక్కువొస్తే మనసు గట్టిది కాదని కాదు.. మానేయడానికి డాక్టర్ సాయం కావాలని అర్థం. తక్కువొచ్చినా సిగరెట్ సేఫ్ కాదు. జాతీయ క్విట్‌లైన్ టోల్‌ఫ్రీ నంబర్: 1800-11-2356.